ఆకుపచ్చ దావణి

మంగళవారం, శుక్రవారం సాయంత్రం ఐదయ్యేసరికి పోదనూరులో అయిదుగురు పెద్దవయసు ఆడవాళ్లు చేతిసంచీల్లో తువ్వాళ్లు కుక్కుకుని, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసుకుంటూ, నటరాజన్ అనే ఆయన కట్టించిన ఈతకొలనుకు బయల్దేరేవారు. ఈత నేర్చుకోవడానికి కాదు. నీళ్లలో నిలబడి కాళ్లూ చేతులూ ఆడించడానికి. నేల మీద పది అడుగులు వేస్తే ఏడిపించే మోకాళ్లు గుండెలోతు నీళ్లలో ఒంటి బరువు తెలియకుండా కదులుతాయని, కీళ్లు అరగకుండా ఒంటికి పని దొరుకుతుందని డాక్టర్లు చెప్పారు. ఆ పని దగ్గరుండి చేయించడానికి నటరాజన్ ప్రియంక అనే అమ్మాయిని పెట్టాడు. ఆమె ఫిజియోథెరపీ చదివింది. అరవై దాటిన వాళ్లను కూడా ఒకటో తరగతి పిల్లల్లా వరసలో నిలబెట్టగలదు.

ఇక ఆ డ్రెస్సు. మెడ నుంచి మోకాళ్ల కిందిదాకా ఒంటికి అతుక్కునే నల్లటి సాగే బట్ట. మొదటిరోజు అయిదుగురూ బట్టలు మార్చుకునే గదిలో దూరి, నువ్వు ముందు పో అంటే నువ్వు ముందు పో అనుకుంటూ అరగంట బయటికి రాలేదు. చివరికి ప్రియంక తలుపు తట్టి, "వాంగమ్మా, లోపల నీళ్లు తప్ప చూసేవాళ్లు ఎవరూ లేరు" అని తమిళంలో బతిమాలింది.

అందరికంటే ఎక్కువ సిగ్గుపడింది జానకమ్మాళ్. ఆవిడకు అరవై ఏళ్లు. ఉత్త అనుమానప్పక్షి. గ్యాసు కట్టేసి పడుకున్నాక మళ్లీ లేచి చూస్తుంది. పాల ప్యాకెట్టు కత్తిరించే ముందు వాసన చూస్తుంది, కత్తిరించాక ఇంకోసారి చూస్తుంది. అలాంటి మనిషి ఆ నల్లబట్ట ఒక్కదాంతో పదిమందిలోకి వస్తుందా? అందుకే ఇంటి నుంచి ఒక పాత దావణి, అదే ఓణీ, తెచ్చుకుంది. ఆకుపచ్చ నూలు దావణి, అంచుకు పసుపు. నల్లడ్రెస్సు మీద నడుం చుట్టూ రెండు మడతలు తిప్పి ముడేసుకుని నీళ్లలో దిగింది.

జరిగిందంతా ఆ దావణి వల్లే జరిగింది. అది ఎక్కడిదో ముందు చెప్పాలి.

జానకమ్మాళ్ అత్తవారింట్లో, మేడ మీది సామి గదిలో, దూలానికి ఒక వెదురు పెట్టె వేలాడుతుంటుంది. దాన్ని కన్నె పెట్టె అంటారు. అందులో ఉండేది తంగం బట్టలు. తంగం అంటే జానకమ్మాళ్ భర్త రంగసామికి రెండో అక్క. యాభై రెండేళ్ల కిందట, పద్నాలుగేళ్ల వయసులో, తోట బావిలో పడి పోయింది. పెళ్లికాకుండా పోయిన ఆడపిల్లను ఆ ఇళ్లలో మరిచిపోరు. ఏటా ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, కొత్త పావాడ, రవిక, దావణి కొని, అంచుకు పసుపు రాసి పెట్టెలో పెడతారు. కిందటేడు పెట్టిన బట్టలు తీసి, వంశంలో పెళ్లికాని పిల్లకు ఒక్కపూట కట్టిస్తారు. పెళ్లయిన వాళ్లు వాటిని మడత పెట్టవచ్చుగాని కట్టుకోకూడదు. తంగం తర్వాత రంగసామి వంశంలో రెండు తరాలుగా ఆడపిల్ల పుట్టలేదు. కట్టేవాళ్లు లేక పాత బట్టలు బీరువాలో ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. జానకమ్మాళ్‌కి అవి చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది. గట్టి నూలు, ఊరికే చిమటలపాలు అవుతోంది. నీళ్లలో కట్టుకుంటే ఎవరికి తెలుస్తుంది, ఎవరికి నష్టం అనుకుని, ఎండకు వేయాలనే వంకతో ఆ మూట కోడలి చేత కిందికి తెప్పించుకుంది.

అసలు ఆవిడ భయమంతా వేరే దాని గురించి. దీపావళి అయ్యాక రెండు మోకాళ్లూ మార్చాలని డాక్టరు తేల్చేశాడు. జానకమ్మాళ్ చిన్నత్త అలాగే ఆపరేషను బల్ల ఎక్కి, మళ్లీ తన కాళ్ల మీద ఇంటికి రాలేదు. ఆరు నెలలుగా మేడమెట్లు ఎక్కలేక జానకమ్మాళ్ హాల్లో మంచం వేసుకుని పడుకుంటోంది. సామి గది, తన పడకగది, తన బీరువా అన్నీ పైనే ఉండిపోయాయి. కోడలు హేమమాలినిని ఏది అడిగినా తెచ్చిస్తుంది, మంచి పిల్లే. కానీ అడగాల్సి రావడమే ఆవిడకు చావులా ఉండేది. మూడు నెలలు నీళ్లలో ప్రయత్నించి చూడండి, అప్పటికీ తగ్గకపోతే కత్తే అన్నాడు డాక్టరు. ఆ మూడు నెలలే ఆవిడకు మిగిలిన ఆశ.

మొదటిరోజు నీళ్లలో దిగి, గోడ పొడుగునా ఉన్న ఉక్కు కడ్డీ పట్టుకుని, ప్రియంక చెప్పినట్టు కుడి మోకాలు పైకెత్తింది. ఎత్తుతూ పళ్లు బిగించింది. నొప్పి రాలేదు. ఎడమది ఎత్తింది. అదీ రాలేదు.

"చూశారా అమ్మా? నీళ్లు మీ బరువు మోస్తాయి" అంది ప్రియంక.

మోస్తున్నది నీళ్లేనా అని జానకమ్మాళ్‌కి అప్పుడే అనుమానం వచ్చింది. ఎందుకంటే మోకాలి వెనక, సరిగ్గా మడతపడే చోట, ఎవరో అరచేయి ఆనించి ఎత్తుతున్నట్టుంది. చిన్న అరచేయి. రెండు కాళ్లకూ రెండు.

కిందికి చూసింది. నీలం పలకల మీద తన కాళ్లే వంకరగా కనబడుతున్నాయి. దావణి కొసలు నీళ్లలో తేలి ఊగుతున్నాయి. గోడలోంచి నీళ్లు చిమ్మే గొట్టాలు ఏమైనా ఉన్నాయేమోనని ప్రియంకను అడిగింది. అలాంటివేమీ లేవంది.

"ఏమి వదినె, నీకు కూడా అట్ల ఉండాదా? ఎవరో ఎత్తినట్ల?" అని పక్కనున్న పళనియమ్మాళ్‌ని అడిగింది.

పళనియమ్మాళ్ రంగసామికి పెద్దక్క, నటరాజన్‌కి తల్లి. అరవై ఎనిమిదేళ్లు. తంగం పడిన బావి ఉన్న తోట ఆవిడ వాటాకు వచ్చింది. బావి ఎప్పుడో పూడ్చేశారు. కొడుకు అక్కడే బోరు వేసి కొలను కడతానంటే నెల్లాళ్లు వద్దని పోరింది. ఎందుకు వద్దో మాత్రం చెప్పలేదు. కట్టాక, యజమాని తల్లే దిగకపోతే ఊళ్లో ఎవరు దిగుతారని కొడుకు అన్నందుకు దిగుతోంది. దిగుతుందేగాని కడ్డీ వదలదు. వరస అంతా చేతులు పైకెత్తితే ఆవిడ ఒక్క చేయే ఎత్తుతుంది. లోతు పక్కకు వీపు పెట్టి అసలు నిలబడదు. ఇవన్నీ జానకమ్మాళ్ మొదటిరోజే చూసి మనసులో పెట్టుకుంది.

"నాకేమీ లేదు. ఊరికే ఉండు జానకీ" అంది పళనియమ్మాళ్.

రెండు వారాలయ్యేసరికి జానకమ్మాళ్ గోడ పట్టుకోకుండా హాలంతా తిరిగింది. మూడోవారం మేడమెట్లు ఎక్కింది. పందొమ్మిది మెట్లు. పైకి చేరాక సామి గది గడప మీద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చేసింది. రంగసామి వెనకాలే వచ్చి, "నిజంగానే నువ్వేనా?" అని వేళాకోళం చేశాడు. ఆ రాత్రి ఆరు నెలల తర్వాత తన మంచం మీద పడుకుంది. సంతోషంతో నిద్ర పట్టలేదు. నిద్ర పట్టకపోతే అనుమానాలు వస్తాయి. కాళ్లు ముడుచుకుని చూసుకుంటే కాలివేళ్లు ఖాళీగా తగిలాయి.

మెట్టెలు లేవు.

నలభై ఏళ్ల కిందట పెళ్లిపీటల మీద తొడిగిన వెండి మెట్టెలు. వేళ్లు లావెక్కి, సబ్బు రాసినా ఊడిరాక, ఎప్పుడో చర్మంలో కూరుకుపోయినవి. కొలనులోనే జారిపోయుంటాయని మర్నాడు ప్రియంకకు ఫోను చేసింది. ఆ అమ్మాయి అడుగంతా వెతికించి లేవంది. హేమమాలిని కొత్త జత తెచ్చి తొడిగితే అవి కూడా నిలవలేదు. వేలు సన్నబడిందేమో అత్తె అంది కోడలు. సన్నబడటం కాదు. నలభై ఏళ్ల నొక్కుడు మచ్చ కూడా లేదు. మెట్టె ఎరగని వేలులా నున్నగా ఉంది.

ఆ వారం నుంచే వాసన కూడా మొదలైంది. కొలనులో ఎప్పుడూ క్లోరిన్ వాసనే. సబ్బులు, నూనెలు తేకూడదని గోడ మీద బోర్డు కూడా ఉంది. అయినా జానకమ్మాళ్ నీళ్లలో దిగగానే సీకాయ వాసన వచ్చేది. ఎండబెట్టి దంచిన సీకాయ, దానికింద తడిరాయి, పాచి. ముక్కు మూసుకున్నా నాలుక మీద తెలిసేది. ఎవరైనా తలకు రాసుకొచ్చారా అని నలుగురి జుట్టూ వాసన చూసింది. వాళ్లు నవ్వారు. పళనియమ్మాళ్ నవ్వలేదు. ఆవిడ చూపు జానకమ్మాళ్ నడుం మీద ఉంది.

"ఆ గుడ్డ యాడిది?"

"మన పెట్టెలోదే వదినె. బీరువాలో పాతది."

పళనియమ్మాళ్ కడ్డీని రెండు చేతులతో పట్టుకుంది. "తీసెయ్. పెండ్లయినదానివి కట్టకూడదని నీకు తెలీదా?"

"ఒక గుడ్డముక్కకి ఏంటికి ఇంత భయం?"

"తీసెయ్ అంటా ఉండా గదా!" ఆవిడ గొంతు కీచుగా వచ్చింది. దూరాన ఉన్న ప్రియంక కూడా తిరిగి చూసింది.

జానకమ్మాళ్ తీయలేదు. తీయాలని ఒక క్షణం అనిపించింది. మోకాళ్ల వెనక ఆ చిన్న చేతులు గుర్తొచ్చాయి. కానీ తీసేస్తే మళ్లీ హాల్లో మంచం, మళ్లీ కత్తి. ఈవిడ మోకాళ్లు తగ్గడం లేదు, నావి తగ్గాయి, అందుకే ఓర్వలేకపోతోంది అని సర్దిచెప్పుకుంది. అది నిజం కాదని ఆవిడకూ తెలుసు. పళనియమ్మాళ్ కళ్లలో ఉన్నది కుళ్లు కాదు.

ఇంటికి పోయి రంగసామిని కూర్చోబెట్టింది.

"తంగం వదినె ఎట్ల పోయిందో చెప్పండి. జారి పడిందని అందరూ చెప్పేదే. నాకు నిజం కావాల."

రంగసామి భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "నాకు పన్నెండేండ్లు అప్పుడు. ఇద్దరక్కలూ తలకు పోసుకునేదానికి బావికి పోయినారు. సీకాయ మరిచి వచ్చినారని నన్ను పంపినారు. తీసుకుని పోయేటప్పటికి పెద్దక్క ఒక్కతే మెట్టు మీద కూర్చొని ఉంది."

"ఈత రాదా తంగం వదినెకి?"

"రొంబ బాగా వస్తాది. చేప మాదిరి. పెద్దక్కకే రాదు." ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఇంగోటి. ఎవరికీ చెప్పలేదు. పెద్దక్క కుడిచెయ్యి ఒక్కటే తడిసి ఉంది. ఇక్కడిదాకా." మోచేయి దగ్గర వేలు పెట్టి చూపించాడు.

ఆ రాత్రి కాళ్లకు నూనె రాసుకుంటుంటే కుడి చీలమండ చుట్టూ ఒక మచ్చ కనబడింది. తాడు బిగించి కట్టినట్టు, మెలికలు మెలికలుగా, ఎర్రగా. నొక్కితే నొప్పి లేదు. కడిగితే పోలేదు.

తర్వాతి శుక్రవారం ఐప్పసి వాన, దీపావళి ముందు పట్టే ముసురు. మధ్యాహ్నం నుంచే ఆకాశం మూసుకుపోయింది. మిగతా ముగ్గురూ రాలేదు. జానకమ్మాళ్ కూడా మానేద్దామనుకుంది. మచ్చ చూసినప్పటి నుంచి దావణి ముట్టుకోవడానికే భయంగా ఉంది. కానీ ఐదుకల్లా చెప్పులు వేసుకుని వీధిలో ఉంది. సంచీలో దావణి ఉంది. తాను పెట్టినట్టు గుర్తులేదు.

పళనియమ్మాళ్ ముందే వచ్చి నీళ్లలో నిలబడి ఉంది. నువ్వొచ్చినావా అని కూడా అడగలేదు. పైన రేకుల కప్పు మీద వాన మోత. ప్రియంక గట్టిగా అరిచి చెబుతోంది, మెల్లగా నడవండి, మడమ ముందు, వేళ్లు తర్వాత. ఇద్దరూ కడ్డీ పట్టుకుని నడిచారు. జానకమ్మాళ్ లోతు పక్క చివర, పళనియమ్మాళ్ ఇవతలి చివర. ఇద్దరికీ మధ్య దూరం పన్నెండు అడుగులు.

ఆరు కావస్తుండగా కరెంటు పోయింది.

"కదలకండమ్మా. కడ్డీ పట్టుకోండి. జనరేటరు వేసి వస్తాను" అంటూ ప్రియంక సెల్‌ఫోను వెలుగులో బయటికి పరుగెత్తింది. ఆ వెలుగు తలుపు దాటగానే కొలను, గోడలు, కప్పు అంతా ఒకటే నలుపు. కొంతసేపటికి నీళ్ల పైభాగం మాత్రం బూడిదరంగులో తేలింది. వాన చప్పుడు. పళనియమ్మాళ్ ఊపిరి. అంతే.

తర్వాత సీకాయ వాసన వచ్చింది. ఇదివరకటిలా సన్నగా కాదు. ఎవరో పక్కనే తల రుద్దుకుంటున్నంత దగ్గరగా.

జానకమ్మాళ్ కదలకుండా నిలబడింది. కుడికాలు కదిలింది.

తాను కదపలేదు.

మడమ ముందు. వేళ్లు తర్వాత. ఎడమకాలు. మళ్లీ కుడికాలు... ఎంత మెత్తగా, ఎంత తేలిగ్గా నడుస్తున్నాయంటే, ఒక్క క్షణం ఆవిడకు హాయిగా కూడా అనిపించింది. తర్వాత అర్థమైంది. కాళ్లు పళనియమ్మాళ్ వైపు పోతున్నాయి. ఆగమని మనసులో అంది. ఆగలేదు. కడ్డీని చేత్తో గట్టిగా పట్టుకుంది. కాళ్లు లాగాయి. తడి చేతిలోంచి కడ్డీ జారిపోయింది.

"జానకీ..." చీకట్లోంచి గుసగుస. "జానకీ, నువ్వేనా వస్తా ఉండేది?"

నేనే అని చెప్పబోయింది. నేనే అని ఎలా చెప్పడం?

నీళ్లు మెల్లగా చీలుతున్నాయి... ఆరడుగులు... మూడడుగులు... నీళ్ల అడుగున తన పాదం పళనియమ్మాళ్ పాదాన్ని తాకింది. తాకి ఆగింది. తర్వాత కుడికాలు పాములా ఆవిడ పిక్క చుట్టూ మెలిక వేసుకుంది. ఎడమకాలు రెండోదాన్ని చుట్టింది. లాగాయి.

పళనియమ్మాళ్ కేక సగంలో నీళ్లలో మునిగింది.

జానకమ్మాళ్ రెండు చేతులూ ఆవిడ చంకల కింద వేసి పైకెత్తింది. నడుం పైనుంచి తాను ఎత్తుతోంది. నడుం కిందనుంచి ఇంకెవరో ముంచుతున్నారు. గుండెలోతు నీళ్లే. నిలబడితే చాలు. నిలబడనివ్వడం లేదు. ఇద్దరూ మునిగారు, తేలారు. నోట్లోకి వచ్చినవి క్లోరిన్ నీళ్లు కావు, చల్లటి పాచినీళ్లు.

"వదులు..." పళనియమ్మాళ్ దగ్గుతూ, ఏడుస్తూ గుసగుసలాడింది. జానకమ్మాళ్ మొహం అంత దగ్గరగా ఉన్నా, ఆవిడ కిందికి, నీళ్లలోకి మాట్లాడుతోంది. "తంగం... వదులు తల్లీ... నేను తోయలేదు. పంపుపైపు తాడు నీ కాలికి చుట్టుకొనింది. నువ్వు చెయ్యి ఇస్తివి, పట్టుకొంటిని... పట్టుకొంటిని గదా... నన్ను కూడా లోపలికి లాగేస్తావని భయమేసింది. చెయ్యి వదిలినాను. అంతే... అంతే చేసినాను..."

కాళ్ల పట్టు సడలలేదు. ఇంకొంచెం బిగిసింది.

జానకమ్మాళ్‌కి అప్పుడు దావణి గుర్తొచ్చింది. ఒక చేత్తో వదినెను పట్టుకుని, రెండో చేత్తో నడుం దగ్గర వెతికింది. నానిన నూలు ముడి రాయిలా ఉంది. గోళ్లతో పీకింది. ఒక గోరు విరిగింది. "వద్దమ్మా" అని ఏడ్చింది. "నీ గుడ్డ నీకు ఇచ్చేస్తా. నీ కాళ్లు నాకొద్దు. తీసుకొని పో..." ముడి వదులైంది. దావణి నడుం మీంచి జారి, తొడల మీదుగా, మోకాళ్ల మీదుగా, ఎవరో లాక్కున్నట్టు సర్రున కిందికి పోయింది.

కాళ్లు వదిలేశాయి. లైట్లు వెలిగాయి.

ప్రియంక పరుగున వచ్చేసరికి ఇద్దరూ కడ్డీకి వేలాడుతున్నారు. కాలు జారిందని చెప్పారు. ఇద్దరూ అదే మాట, ఒకరినొకరు చూడకుండా. నీళ్లు అడుగుదాకా తేటగా ఉన్నాయి. నీలం పలకలు తప్ప ఇంకేమీ లేవు. ఆకుపచ్చ దావణి ఎక్కడా లేదు.

పళనియమ్మాళ్ ఆ రోజు నుంచి గడప దాటలేదు. జ్వరమని నటరాజన్ చెప్పాడు. జానకమ్మాళ్ చూడటానికి పోలేదు. ఆ మాటలు విన్న తర్వాత ఆవిడ మొహం ఎలా చూడాలో తెలియలేదు. రంగసామికీ చెప్పలేదు. యాభై రెండేళ్లు ఒక అక్కను తలుచుకుని ఏడ్చిన మనిషికి రెండో అక్కను కూడా ఎలా దూరం చేస్తుంది?

మంచిరోజు చూసి సామి గదిలో దీపం పెట్టి, కొత్త ఆకుపచ్చ దావణి కొని, అంచుకు పసుపు రాసి కన్నె పెట్టెలో పెట్టింది. తప్పయింది, తెలియక చేశాను, నా నొప్పి నాకిచ్చెయ్ అని మొక్కుకుంది. నిజంగానే ఇమ్మని అడిగింది. తర్వాత నొప్పి కోసం రోజూ ఎదురుచూసింది. పొద్దున మంచం దిగుతూ ఆగి చూసుకునేది. మెట్లెక్కుతూ సగంలో ఆగి చూసుకునేది. రాలేదు.

దీపావళి దాటాక హేమమాలిని బలవంతం చేసి ఎక్సరేకు తీసుకుపోయింది. ఇంత బాగా నడుస్తున్నప్పుడు ఆపరేషను అక్కర్లేదని డాక్టరు చేత అనిపించుకుందామని ఆ పిల్ల సంబరం. ఎక్సరే తీసే మనిషి ఫిల్ము వెలుగుకు పెట్టి చూశాడు. కవరు మీది పేరు చూశాడు. మళ్లీ ఫిల్ము చూశాడు.

"ఏదో మారిపోయిందమ్మా. ఇంకోసారి తీస్తాను."

ఇంకోసారి తీశాడు. ఈసారి మారిపోవడానికి గదిలో జానకమ్మాళ్ తప్ప ఇంకెవరూ లేరు. అతను తల గోక్కున్నాడు. "అరుగుదల లేదు, ఏమీ లేదు. కానీ ఇక్కడ చూడండి, ఎముక చివర ఈ గీత. ఇది ఎదిగే పిల్లలకే ఉంటుంది. పద్నాలుగు, పదిహేనేళ్ల దాకా. తర్వాత మూసుకుపోతుంది. మీకు..." అని ఆగి, డాక్టరునే అడగండి అన్నాడు.

డాక్టరు సోమవారం గాని రాడు. హేమమాలిని కవరు తీసుకుని, ఆటో పిలవడానికి తాను ముందుగా బయటికి పోయింది. జానకమ్మాళ్ మెల్లగా మెట్లు దిగింది. ఎండ బాగా ఉంది. పట్టపగలు, పదకొండు గంటలు. వీధిలో జనం, బండ్లు, పూలమ్మే ఆవిడ. ఎడమవైపు ఆటో, ఆటోలోంచి చేయి ఊపుతున్న కోడలు.

కాళ్లు కుడివైపు తిరిగాయి.

"అత్తె! ఆటో ఇక్కడ ఉండాది!"

జానకమ్మాళ్ తల వెనక్కి తిప్పి చూసింది. తల తిరిగింది. చేయి కూడా ఎత్తగలిగింది. కాళ్లు మాత్రం మెత్తగా, తొందర లేకుండా, మడమ ముందు, వేళ్లు తర్వాత వేసుకుంటూ పోతున్నాయి. చూసేవాళ్లకు, ఎంత చక్కగా నడుస్తోందీ పెద్దావిడ అనిపించి ఉంటుంది. ఒక వీధి. రెండో వీధి. కరెంటు స్తంభం పట్టుకుంది. చేయి జారింది. ఏడుపు వచ్చింది. ఎవరిని పిలవాలో, ఏమని పిలవాలో తెలియలేదు.

మూడో వీధి చివర పళనియమ్మాళ్ ఇల్లు.

తట్టకముందే తలుపు తెరుచుకుంది. పళనియమ్మాళ్ గడప అవతల నిలబడి ఉంది. ఈ నెల్లాళ్లలో సగమైపోయింది. ఆవిడ జానకమ్మాళ్ మొహం వైపు చూడలేదు. కిందికి, పాదాల వైపు చూసింది. చాలాసేపు అలాగే చూసి, అలిసిపోయిన మనిషిలా పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

"వచ్చినావా?" అంది నెమ్మదిగా. "రా. తలకు పోసుకునే నీళ్లు కాగినాయి."

లోపలి నుంచి సీకాయ వాసన వస్తోంది. జానకమ్మాళ్ చెప్పులు గడప దగ్గరే ఉండిపోయాయి.